హోప్ ఐలాండ్: మన కొండల ఇసుక కట్టిన దిబ్బ

ఈసారి విహారయాత్ర కాకినాడకి అని తెలిసిన దగ్గర్నుంచి మన హాస్టల్లో సముద్ర స్నానం కబుర్లే. కాకినాడకి ఎదురుగా హోప్ ఐలాండ్ ఉంది. పోయినేడు మా మావయ్యతో పడవ మీద వెళ్ళి చూశాను. మీరు వెళ్ళే ముందు దాని సంగతి కొంచెం తెలిస్తే మంచిదని రాస్తున్నాను.

పేరుకే ఐలాండ్. అసలు అది గోదావరి గౌతమి పాయ సముద్రంలో కలిసే వైపు నుంచి ఉత్తరానికి నాలుకలా సాగిన ఇసుక దిబ్బ. పొడవు సుమారు 16 కిలోమీటర్లు. వయసు రెండు వందల ఏళ్ళకు అటూ ఇటూ. మన కొండల ముందు అది పసిపిల్ల.

ఆ ఇసుక ఎక్కడిది అనుకుంటున్నారు? సీలేరు శబరిలో కలుస్తుంది, శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. వానాకాలం మన వాగులు ఎర్రగా పొంగుతాయి కదా, ఆ మట్టీ ఇసుకా కూడా అందులో ఉన్నాయి. సముద్రం చేరేసరికి నదికి వడి తగ్గి, మోసుకొచ్చిన బరువంతా దించేస్తుంది. అప్పుడు నైరుతి గాలికి లేచిన అలలు ఒడ్డుని ఏటవాలుగా కొడతాయి. అల ఎక్కేటప్పుడు వాలుగా ఎక్కి, దిగేటప్పుడు తిన్నగా దిగుతుంది. అలా ఒక్కో అలకీ ఇసుక కాస్త ఉత్తరానికి జరుగుతుంది. చేటలో చెరిగితే నూకలు ఒక పక్కకి చేరినట్టే.

ఇప్పుడు నది మీద ఆనకట్టలు ఎక్కువై, కిందికి వచ్చే మట్టి తగ్గింది. కాకినాడ పక్కన ఉప్పాడలో సముద్రం ఊరిని కోసుకుపోతోంది. దానికి ఇదొక్కటే కారణం కాదనుకోండి.

ఈ దిబ్బకి రెండు ముఖాలు. కాకినాడ వైపు నీళ్ళు చెరువులా ఉంటాయి, దిబ్బ అలల్ని అడ్డుకోబట్టే ఓడలకి అక్కడ నెమ్మది. పక్కనే కోరంగి మడ అడవులు, ఆ చెట్ల వేళ్ళు గాలి కోసం బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొస్తాయి. రెండో వైపు అసలు సముద్రం. చలికాలం రాత్రుళ్ళు తాబేళ్ళు వచ్చి ఇసుకలో వందకు పైగా గుడ్లు పెట్టేది అక్కడే. పాకిన జాడ కనిపిస్తే తవ్వకండి.

ముఖ్యమైన మాట ఇది. మనకి వాగులో ఈతొచ్చు. కానీ వాగు ఒక్క వైపే లాగుతుంది. సముద్రంలో ఒడ్డుకొచ్చిన నీళ్ళన్నీ ఒక సందు చూసుకుని జోరుగా వెనక్కి పోతాయి. ఆ సందులో అలలు విరగవు, చూడ్డానికి అదే నిమ్మళంగా ఉంటుంది. కొత్తవాళ్ళు అక్కడే దిగుతారు! ఆ లాగుడులో పడితే ఒడ్డుకి ఎదురీదకండి, రెక్కలు పడిపోతాయి. కంగారు పడకుండా తేలుతూ, ఒడ్డు వెంబడి పక్కకి ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకి తిరగండి. ఎవడైనా మునుగుతుంటే వెంట దూకొద్దు, తేలేది ఏదైనా విసరండి.

వార్డెన్ గారికి మనవి: బస్సులో గాలి కొట్టిన రెండు లారీ ట్యూబులు, ఒక పొడవాటి తాడు వేయించండి. దిబ్బ మీద నీడ తక్కువ, తాగే నీళ్ళ క్యాన్లు కూడా కావాలి.