హుస్సేన్ సాగర్ చుట్టూ ఒక ఆదివారం



మన హాస్టల్‌కు కొత్తగా వచ్చే తమ్ముళ్ళలో ఎక్కువమంది పల్లెల నుండి వచ్చినవారే. సికింద్రాబాద్‌లో ఏళ్ళ తరబడి చదివినా కాలేజీ, మెస్, స్టడీ అవర్ తప్ప ఏమీ చూడకుండా ఊరికి తిరిగి వెళ్ళినవారున్నారు. "పార్కులు, బోట్లు మనలాంటివాళ్ళకు కాదులే అన్నా" అంటారు. ఇళ్ళల్లో డిగ్రీ చదివిన మొదటివాళ్ళం మేము. ఆ జంకు మాకూ తెలుసు. అందుకే తక్కువ ఖర్చుతో, ఒక్క ఆదివారంలో చూడగలిగిన దారి ఇక్కడ వివరిస్తున్నాం.

ముందు ఈ చెరువు గురించి రెండు మాటలు. మూసీ ఉపనదిపై 1562 ప్రాంతంలో ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో హుస్సేన్ షా వలీ దీనిని కట్టించారు. అంటే 1591లో హైదరాబాద్ పుట్టకముందే ఈ చెరువు ఉంది. 1806లో సికందర్ జా పేరుతో సికింద్రాబాద్ ఏర్పడ్డాక జంట నగరాల మధ్య నిలిచింది ఈ నీరే. రెండింటినీ కలిపే కట్టనే మనం ట్యాంక్‌బండ్ అంటున్నాం.

ఉదయమే సికింద్రాబాద్ స్టేషన్‌లో ఎంఎంటీఎస్ ఎక్కితే జేమ్స్ స్ట్రీట్ తరువాత సంజీవయ్య పార్కు స్టేషన్ వస్తుంది. పార్కుకు టికెట్ ఉంటుంది. 2016 జూన్ 2న ఎగురవేసిన 291 అడుగుల జెండా స్తంభం దూరం నుండే కనిపిస్తుంది. చాలామంది జెండా దగ్గర ఫోటో దిగి వెళ్ళిపోతారు, పార్కు పేరు గురించి ఆలోచించరు. దామోదరం సంజీవయ్య 1921లో కర్నూలు జిల్లా పెదపాడులో పేద దళిత కుటుంబంలో పుట్టారు. లా చదివి, 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. దేశంలోనే మొదటి దళిత ముఖ్యమంత్రి ఆయనే. హాస్టల్ విద్యార్థి ఈ పార్కు గేటు దగ్గర జంకవలసిన పని లేదు.

అక్కడి నుండి నీటిని ఎడమచేతి వైపు ఉంచుకొని నెక్లెస్ రోడ్డు మీదుగా నడవాలి. ఈ నడకకు పైసా ఖర్చు లేదు. పి.వి. ఘాట్ దాటి ఎన్టీఆర్ మార్గ్ వైపు వస్తే, 2023 ఏప్రిల్ 14న ఆవిష్కరించిన 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం కనిపిస్తుంది. పార్లమెంటు ఆకారంలో కట్టిన 50 అడుగుల పీఠం మీద అది నిలబడి ఉంది. దగ్గరలోని కొత్త సచివాలయానికీ ఆయన పేరే పెట్టారు.

ఇంకొంచెం ముందుకు వెళితే లుంబినీ పార్కు. బుద్ధ విగ్రహం దగ్గరకు బోట్లు ఇక్కడి నుండే వెళతాయి. భువనగిరి దగ్గరి రాయగిరి రాతితో చెక్కిన ఏకశిలా విగ్రహమది. 1990 మార్చి 10న తరలిస్తుండగా బార్జి ఒరిగి విగ్రహం నీటిలో మునిగిపోయింది. పలువురు ప్రాణాలు కోల్పోయారు. విగ్రహాన్ని పైకి తీసి 1992 డిసెంబరు 1న నిలబెట్టారు. బోటు ఎక్కేటప్పుడు ఆ చనిపోయినవారిని కూడా ఒకసారి తలచుకోండి.

చివరిది ట్యాంక్‌బండ్. ఇక్కడ వేమన, మొల్ల, జాషువా వంటి మహనీయుల విగ్రహాలు వరుసగా ఉంటాయి. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్ సందర్భంగా వీటిలో కొన్ని కూలిపోయాయి, తరువాత మళ్ళీ ప్రతిష్ఠించారు. మన పాఠ్యపుస్తకాల్లో చదివినవారిని ఇక్కడ ఒక్కొక్కరినే గుర్తుపడుతూ నడిస్తే, కట్ట చివర రాణీగంజ్ వస్తుంది. సికింద్రాబాద్ బస్సులు అక్కడ దొరుకుతాయి.

ఒక నిజం కూడా చెప్పాలి. కొన్నిచోట్ల ముక్కు మూసుకోక తప్పదు. ఒకప్పుడు జనం తాగిన ఈ నీటిలో కూకట్‌పల్లి నాలా నుండి ఏళ్ళ తరబడి మురుగు, ఫ్యాక్టరీల వ్యర్థాలు కలిశాయి. ఇక్కడ నిండి పొర్లిన నీరు చివరకు మూసీలోకే పోతుంది. మూసీ దిగువన పొలాలు చేసుకునే రైతుల కష్టం ఇక్కడి నుండే మొదలవుతుంది. కాబట్టి మనం తిన్న ప్యాకెట్ల కవర్లయినా నీటిలో వేయకుండా ఉందాం.

వెళ్ళేముందు వార్డెన్ గారి అనుమతి తీసుకోండి. మెస్‌లో పులిహోర కట్టించుకొని, బాటిల్‌లో నీళ్ళు పట్టుకొని వెళ్ళండి. బోటుకు డబ్బు చాలకపోతే బాధపడకండి, గట్టు మీద నుండి చూసినా బుద్ధుడు కనిపిస్తాడు. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మానాన్నలకు ఈ పేర్లన్నీ చెప్పండి. వీలైతే వారినీ ఒకసారి తీసుకొచ్చి చూపించండి.