ఒక్క అక్షరం మారినందుకు...

ఎర్ర రక్తకణం నడుమ కాస్త నొక్కిన బిళ్లలా ఉంటుంది. ఎంత సన్నటి రక్తనాళంలోనైనా మెత్తగా వంగి దూరిపోతుంది. అదే కణం గట్టిపడి కొడవలిలా వంకర తిరిగితే? ఎక్కడికక్కడ ఇరుక్కుంటుంది. ఎముకలు, కీళ్లు, ఛాతీ... నొప్పితో మనిషి మెలితిరిగిపోతాడు. అదే సికిల్‌సెల్ వ్యాధి. ఆదిలాబాద్ అడవులకూ విశాఖ మన్యానికీ తెలిసిన జబ్బే. దీనికంతటికీ మూలం... ఒకే ఒక్క అక్షరం!

అసలు బీరువాలో, నకలు చేతిలో
ఇంటి దస్తావేజు అసలు కాగితాన్ని బీరువాలో దాచి, పనికి జిరాక్స్ పట్టుకెళతాం కదా. కణమూ అంతే. ఏ, టీ, జీ, సీ అనే నాలుగు అక్షరాలతో రాసిన డీఎన్ఏ కేంద్రకం దాటి రాదు. ఏ ప్రొటీన్ కావాలో దాని జన్యువుకు మాత్రం నకలు తయారవుతుంది. కరోనా టీకాల పుణ్యమా అని చాలామంది చెవిన పడిన మెసెంజర్ ఆర్‌ఎన్ఏ ఇదే.

ఆ నకలు రైబోజోమ్‌కు చేరుతుంది. అది మూడేసి అక్షరాల చొప్పున చదువుతుంది. ఒక్కో మూడక్షరాల మాటకు ఒక్కో అమైనో ఆమ్లం. దాన్ని మోసుకొచ్చేందుకు మరో రకం ఆర్‌ఎన్ఏ సిద్ధంగా ఉంటుంది. పూసలు గుచ్చినట్లు ఒకదాని పక్కన ఒకటి చేరుతూ పోతాయి. 'ఇక చాలు' అనే మాట రాగానే దండ తెగి, ముడుచుకుని ప్రొటీన్ అవుతుంది. ఈ మాటలకు అర్థం తేల్చినవారిలో మన హరగోవింద్ ఖొరానా ఒకరు. అందుకే 1968లో నోబెల్. రైబోజోమ్ రూపాన్ని విప్పిచెప్పినందుకు 2009లో ఆ బహుమతి అందుకున్న ముగ్గురిలో వెంకట్రామన్ రామకృష్ణన్‌ది చిదంబరం.

ఆరో పూస
హిమోగ్లోబిన్‌లో బీటా గొలుసుకు 146 పూసలు. ఆరోది గ్లుటామిక్ ఆమ్లం కావాలి. దాని మాట జీఏజీ. సికిల్‌సెల్ ఉన్నవారిలో అది జీటీజీ! తప్పొప్పులు చూడటం రైబోజోమ్ పని కాదు. నకల్లో ఉన్నది ఉన్నట్టు చదివి వాలీన్‌ను గుచ్చేస్తుంది. మిగతా 145 పూసలూ సరిగ్గానే ఉన్నా లాభం లేదు. నీళ్లంటే గిట్టని వాలీన్ వల్ల, ఆక్సిజన్ వదిలేసిన హిమోగ్లోబిన్లు ఒకదాన్నొకటి అంటుకుని పొడవాటి పోగులవుతాయి. కణం వంకరపోతుంది. 120 రోజులు బతకాల్సింది, పది ఇరవై రోజులకే రాలిపోతుంది.

ఈ అక్షరం ఇంతకాలం ఎందుకు నిలిచింది? ఒక్కరి నుంచే వస్తే జబ్బు రాదు సరికదా, మలేరియా ముదరకుండా కొంత కాపు కాస్తుంది. చిక్కల్లా తల్లిదండ్రులిద్దరిలోనూ ఉన్నప్పుడే. ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. పెళ్లికి ముందే రక్తపరీక్ష చేయించుకోమనేది అందుకే. 2023 జులైలో మొదలైన జాతీయ కార్యక్రమం ఏడు కోట్ల మందిని పరీక్షించాలని లక్ష్యం పెట్టుకుంది.

అదే ఏడాది నవంబరులో క్రిస్పర్ కత్తెరతో చేసే చికిత్సకు బ్రిటన్ అనుమతిచ్చింది. తమాషా ఏమిటంటే, అది తప్పు అక్షరాన్ని దిద్దదు. తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డ వాడుకునే హిమోగ్లోబిన్‌కు వేరే జన్యువుంది. పుట్టాక అది మూతపడుతుంది. ఆ తాళాన్నే మళ్లీ తీస్తుంది. అమెరికాలో దీని ధర 22 లక్షల డాలర్లు. మన్యంలో ఇప్పటికి ఆధారం హైడ్రాక్సీయూరియా మాత్రే. అదీ ఆ పాత హిమోగ్లోబిన్‌నే కాస్త పెంచుతుంది.