బండి ఎక్కి వచ్చిన చరిత్ర పాఠము

"ఆటలలో పడి చదువు పాడుచేసికొనుచున్నా"వని పిల్లలను మందలింపని తల్లిదండ్రులు అరుదు. కాని మన అమ్మమ్మలు వామనగుంటలలో చింతపిక్కలు పంచుచునే లెక్క నేర్చిరను సంగతిని మరువరాదు. నేటి వీడియో గేములకును ఈ న్యాయము వర్తించునా? ఇందుకొక పాత కథ కలదు.

1971లో అమెరికాలోని మినియాపొలిస్ నగరమున డాన్ రావిచ్ అను ఉపాధ్యాయ శిక్షణార్థి ఎనిమిదవ తరగతి పిల్లలకు చరిత్ర చెప్పుచుండెను. పందొమ్మిదవ శతాబ్దిలో బండ్లు కట్టుకొని పడమటికి వలసపోయిన కుటుంబముల వృత్తాంతము పిల్లల మనసున కెక్కుట యెట్లు? గణితము బోధించు సహవాసులు బిల్ హైన్‌మన్, పాల్ డిలెన్‌బర్గర్ల సాయముతో అతడు "ఆరెగాన్ ట్రెయిల్" అను ఆటను సిద్ధపరచెను. అప్పుడు తెర లేదు, బొమ్మ లేదు. టెలిటైపు యంత్రము కాగితముపై ప్రశ్న నచ్చువేయును; పిల్లలు జవాబు టైపు చేయుదురు.

కాలము 1847. ఐదుగురు గల కుటుంబము. దాటవలసిన దూరము 2040 మైళ్ళు. ఉన్న సొమ్ములో ఎడ్లకెంత, తిండికెంత, తుపాకిగుండ్లకెంత, బట్టలకెంత? చలిబట్టలు మరచినవానికి కొండలలో ప్రాణము మీదికి వచ్చును. వేటకు పోయినవాడు తుపాకి పేల్చుటకు మాటను తప్పులేక, త్వరగా టైపు చేయవలెను. లెక్కలు, భూగోళము, చరిత్ర, భాష అన్నియు ఒక్క బండి ఎక్కి వచ్చినవి! 1974లో రావిచ్ మినెసోటా రాష్ట్రపు విద్యా కంప్యూటరు సంస్థలో చేరి, నాటి ప్రయాణికుల దినచర్యలను చదివి, ఆపదలు ఎంత తరచుగా సంభవించెనో గమనించి ఆటను సవరించెను.

ఇందలి మర్మము సులభము. పాఠ్యపుస్తకము జవాబును ముందిచ్చును. ఆట ప్రశ్నను ముందిచ్చును. తన బండి ఏటిలో మునిగిన పిల్లవాడు ఆ యేరెక్కడనున్నదో పటమున తానే వెదకును.

అయితే ఆట చూపినదెల్ల సత్యమని నమ్మరాదు. ఆ బాట పొడవునా నివసించిన ఆదివాసి జాతుల గోడు పాత ఆటలో సరిగా వినబడదు. 2021లో వెలువడిన క్రొత్త రూపమున ఆ జాతుల పండితులను సంప్రదించి ఆ పాత్రలను తీర్చిదిద్దిరి. ఈ దిద్దుబాటునకు ఐదు దశాబ్దములు పట్టినది. కనుకనే ఆట యెంత మంచిదైనను, ప్రక్కన గురువు ఉండవలసినదే.

ఆటకు హద్దు ఉండవలె ననుటలో వివాదము లేదు. కాని ఈమారు పిల్లవాని చేతినుండి యంత్రమును లాగుకొనుటకు ముందు, ప్రక్కన కూర్చుండి "ఎందుకోడిపోతివిరా?" అని యొక్కసారి అడిగి చూడుడు. పాఠము అక్కడనే మొదలు కావచ్చును.