మీకు తెలుసా? మాత్ర వెనక దాగిన నంబరు

టీబీ రోగి ఇవాళ్టి మందు వేసుకున్నాడా లేదా అని ఆరోగ్య కార్యకర్తకు చెప్పడానికి మన దేశంలో విస్తృతంగా వాడిన సాధనం ఒక అట్ట కవరు! దాని పేరు 99 డాట్స్. బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ పరిశోధకులు రూపొందించారు. తర్వాత అదే ఊళ్ళోని ఎవర్‌వెల్ సంస్థ దాన్ని ముందుకు తీసుకెళ్ళింది.

మాత్రల స్ట్రిప్పుకు ఈ కవరు తొడుగుతారు. మాత్రను నొక్కి బయటికి తీసినప్పుడే దాని వెనక దాగిన అంకెలు కనబడతాయి. రోగి ఆ నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే చాలు, పైసా ఖర్చు లేదు. ఏ రోగికి ఏ కవరు ఇచ్చారో కంప్యూటరుకు తెలుసు, తర్వాత రాబోయే అంకెలేమిటో రోగికి తెలియదు. కాబట్టి మాత్ర తీయకుండా కాల్ చేయడం కష్టం. మామూలు బటన్ల ఫోన్ ఉన్నా సరిపోయే ఈ ఆలోచన నాకు ఎంతో నచ్చుతుంది.

మరి కాల్ రాకపోతే మందు వేసుకోనట్టేనా? కాదు. మన దేశంలోని రోగుల మూత్రంలో ఐసోనియజిడ్ అనే టీబీ మందు జాడను పరీక్షించి, 2020లో ప్రచురించిన అధ్యయనంలో ఆ ఫలితాలను కాల్స్ లెక్కతో పోల్చి చూస్తే రెండూ సరిగా కలవలేదు. మందు వేసుకుని కూడా కాల్ చేయనివాళ్ళు ఎందరో. అందుకే కాల్ రాని ఇంటికి మనిషి వెళ్ళి పలకరించాల్సిందే. నింద వేయడానికి ఆ లెక్కను వాడకూడదు.

టీబీ రోగిని ఇంట్లోనే ఉంచి నయం చేయవచ్చని లోకానికి చూపించింది నెల్లూరుకు పొరుగునున్న మద్రాసే! 1956లో అక్కడ మొదలైన అధ్యయనంలో 193 మంది రోగులను రెండు జట్లు చేసి, కొందరికి శానిటోరియం అనే టీబీ ఆసుపత్రిలో, కొందరికి ఇంట్లో ఏడాదిపాటు ఒకే మందులిచ్చారు. ఫలితాల్లో పెద్ద తేడా రాలేదని 1959లో వెల్లడైంది. శానిటోరియంలో మంచం దొరకని పేదలకు అది ఎంత పెద్ద కబురో! రోగి ఇంట్లో ఉన్నాడు గనకే, మందు వేసుకుంటున్నాడా అన్న ప్రశ్న కూడా అప్పటినుంచి వెంటే ఉంది.

ఇంకో సాధనం మందుల పెట్టె. మూత తెరిచిన ప్రతిసారీ లోపలి చిప్ ఆ సమయాన్ని గుర్తుపెట్టుకుంటుంది. మందు వేళకు దీపం వెలుగుతుంది. మందులకు లొంగని టీబీ రోగులతో దీన్నీ మన దేశంలో పరీక్షించారు.

ఇప్పుడు నెల్లూరు జిల్లాలోని మైపాడు, జువ్వలదిన్నె తీరాలకు రండి. టీబీ మాత్రలు సాధారణంగా పరగడుపున వేసుకోమంటారు. చిన్న పడవల వేట చాలాసార్లు తెల్లవారకముందే మొదలవుతుంది. పొద్దున ఎనిమిదికి మందు వేళ అని ఫోన్‌లో మోగే గుర్తు, వేటకు వెళ్ళిన రోగికి నడిసముద్రంలో వినబడాలి. గట్టు దాటి కొంత దూరం పోయాక సిగ్నలే ఉండదు. ఫోన్ తడవకుండా కవర్లో చుట్టి పెట్టేస్తారు, లేదా ఇంట్లోనే వదిలిపోతారు. పక్కనున్నవాళ్ళకు జబ్బు సంగతి తెలియడం ఇష్టంలేని మనిషికి పడవలో దీపం వెలిగే పెట్టె ఎలా పనికొస్తుంది?

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, యంత్ర పడవల వేటకు నిషేధం ఉంటుంది. మందులకు లొంగే టీబీకి చికిత్స సాధారణంగా ఆరు నెలలు. అంటే నిషేధకాలంలోనే మందు మొదలుపెట్టినా, తర్వాతి నెలలన్నీ వేట రోజుల్లోనే గడపాలి. ఈ తీరం కోసం ఎవరైనా కొత్త సాధనం తయారుచేస్తే, గట్టుకు చేరాక ఆలస్యంగా ఇచ్చిన కాల్‌ను కూడా ఆ రోజు లెక్కలోనే వేయాలి. మందు వేళను డాక్టరు సలహాతో వేట వేళను బట్టి రోగే మార్చుకోగలగాలి. ఇంట్లో భార్య ఫోన్ నుంచి వచ్చిన కాల్ కూడా చెల్లాలి.