కొడాక్ నిజంగా నిద్రపోయిందా?

గ్రూప్ డిస్కషన్‌లో ‘టెక్నాలజీ మార్పులు-కంపెనీలు’ అన్న టాపిక్ ఇస్తే చాలు, ఎవరో ఒకరు కొడాక్ పేరు ఎత్తుతారు. ‘డిజిటల్ కెమెరాను పట్టించుకోలేదు, మునిగిపోయింది’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ప్యానెల్‌లో కూర్చున్నవాళ్లు ఈ మాట ఎన్నిసార్లు వినుంటారో! పైగా అది సగమే నిజం.

అసలు డిజిటల్ కెమెరా తొలి నమూనా తయారైందే కొడాక్‌లో. 1975లో అక్కడి యువ ఇంజినీర్ స్టీవ్ శాసన్ మూడున్నర కిలోలు దాటిన ఓ పెట్టెను రూపొందించారు. ఫొటో బ్లాక్ అండ్ వైట్. నాణ్యత 0.01 మెగాపిక్సెల్. ఒక్క ఫొటోను క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు. మంచి రంగుల ఫిల్మ్ ముందు అదో ఆటబొమ్మ.

హార్వర్డ్ ప్రొఫెసర్ క్లేటన్ క్రిస్టెన్సెన్ 1997లో ‘ది ఇన్నోవేటర్స్ డైలమా’ పుస్తకంలో వివరించింది ఇలాంటి చిక్కునే. పరిశ్రమను తలకిందులు చేసే సరకు మొదట్లో నాసిగానే ఉంటుంది. ఉన్న కస్టమర్లు అడగరు, లాభమూ ఉండదు. బాగా నడుస్తున్న కంపెనీ లెక్కలు వేసుకుని దాన్ని పక్కన పెడుతుంది. అంటే తెలివితక్కువతనం వల్ల కాదు, తెలివిగా ఆలోచించడం వల్లే దెబ్బతింటుంది. డిస్రప్టివ్ ఇన్నోవేషన్ అంటే ‘కొత్త టెక్నాలజీ’ అని చెప్పి ఊరుకోకుండా ఈ మెలికను చెప్పగలిగితే మీ మాటకు బరువొస్తుంది.

కొడాక్ ఆ తర్వాతైనా కళ్లు తెరవలేదా అంటే, తెరిచింది. 2005 నాటికి అమెరికాలో డిజిటల్ కెమెరాల అమ్మకాల్లో ముందు వరుసలో ఉంది. అయినా గట్టెక్కలేదు. ఎందుకంటే ఫిల్మ్ కాలంలో డబ్బంతా కెమెరా అమ్మాక మొదలయ్యేది. రీలు కొనాలి, కడిగించాలి, ప్రింట్లు వేయించాలి. మన ఊళ్లలో కలర్ ల్యాబ్‌లు బతికింది కూడా దానిమీదే. డిజిటల్‌లో రీలే లేదు. ఆ కాస్త కెమెరా మార్కెట్‌నూ తర్వాత ఫోన్లు మింగేశాయి. 2012 జనవరిలో కొడాక్ దివాలా పిటిషన్ వేసింది.

ఇదే దెబ్బ జపాన్‌లోని ఫుజీఫిల్మ్‌కూ తగిలింది. 2000 ప్రాంతంలో శిఖరానికి చేరిన ఫిల్మ్ గిరాకీ పదేళ్లలో పదో వంతుకు పడిపోయింది. అప్పటి అధినేత షిగెటకా కొమోరి వేసిన ప్రశ్న వేరు: ఫిల్మ్ పోతే పోనీ, ఫిల్మ్ చేయడం వల్ల మనకు ఏమేం వచ్చు? వెతికితే చాలా దొరికాయి. ఫిల్మ్ అడుగున వాడే పారదర్శక పొరే ఎల్‌సీడీ తెరల్లో పోలరైజర్‌కు రక్షణగా పనికొచ్చింది. ఫిల్మ్‌లోని జెలటిన్ కొల్లాజెన్ నుంచే వస్తుంది. ఫొటో వెలిసిపోవడానికీ చర్మం ముడతలు పడటానికీ ఆక్సీకరణ ఓ కారణం. అలా 2007లో ‘అస్టాలిఫ్ట్’ క్రీములు వచ్చాయి. మందుల తయారీలోకీ దిగింది. అలాగని ఇదేమీ నొప్పి లేకుండా జరగలేదు. ఫిల్మ్ విభాగంలో వేలమంది ఉద్యోగాలు పోయాయి.

నన్ను అడిగితే, కొడాక్ కథలో అసలు మలుపు 1994. దానికీ బలమైన రసాయనాల విభాగం ఉండేది. ఆ ఏడాది దాన్ని ఈస్ట్‌మన్ కెమికల్ పేరుతో విడగొట్టేసింది, మందుల వ్యాపారాన్నీ అమ్మేసింది. తర్వాత ఫుజీ ఏ రంగాలను పట్టుకుని ఒడ్డెక్కిందో, కొడాక్ వాటినే ముందుగా వదులుకుంది. అప్పుల భారంలో అది సబబుగానే తోచి ఉండొచ్చు.

డ్రైవ్‌కు వచ్చిన కంపెనీ గురించి చదివేటప్పుడు టర్నోవర్, ప్యాకేజీ దగ్గరే ఆగిపోకండి. లిస్టెడ్ కంపెనీ అయితే వార్షిక నివేదిక ఉచితంగా దొరుకుతుంది. లాభంలో ఎక్కువ వాటా ఏ విభాగం నుంచి వస్తోంది, పరిశోధనకు ఎంత ఖర్చుపెడుతున్నారు అన్నవి చూడండి. ‘మీకేమైనా ప్రశ్నలున్నాయా’ అని ఇంటర్వ్యూ చివర్లో అడిగితే, కొత్తగా చేరినవాళ్లను పాత ప్రాజెక్టుల నిర్వహణలో వేస్తారా, కొత్త విభాగంలోనా, మధ్యలో మారే వీలుంటుందా అని అడగండి. ఫిల్మ్ కెమిస్ట్రీ తెలిసినవాళ్లకు ఫుజీలో క్రీముల ల్యాబ్ దొరికింది మరి.