ఊరి అప్పు, ఊరివారి సమ్మతి

మెదకు పట్టణము చుట్టునుగల పల్లెల పెద్దలతో నేడు నేను ముచ్చటింపదలచినది అప్పును గూర్చి. ఇంటి అప్పు కాదు, ఊరి అప్పు.

పెండ్లికై చేసిన అప్పును, బావి త్రవ్వుటకై చేసిన అప్పును మీరు ఒక్కతీరుగా ఎంచరు గదా! ఊరి విషయమునను అంతే. ఏడుపాయల చెంత మంజీరపై 1905లో నిర్మింపబడిన ఘనపురము ఆనకట్టను చూడుడు. కట్టిన తరము గతించినది. నీరు మాత్రము నేటికిని మన కాలువలలో పారుచున్నది. ఇట్టి చిరకాలపు పనికగు వ్యయమునంతయు నేటివారే భరింపనక్కరలేదు. రేపు అనుభవింపబోవువారును కొంత తీర్చుట న్యాయము. పురపాలక బాండ్లకు, అనగా పట్టణము పేర అమ్మబడు ఋణపత్రములకు, ఈ న్యాయమే ఆధారము. జీతములకును కరెంటు బిల్లులకును ఇట్టి అప్పు చేయుట విత్తనపు గింజలు వండుకొనుట వంటిది.

2018 ఫిబ్రవరిలో హైదరాబాదు మహానగర పాలక సంస్థ రహదారులు, వంతెనల నిమిత్తము 200 కోట్ల రూపాయలకు బాండ్లమ్మెను. వడ్డి ఏడాదికి నూటికి 8.90, మన పల్లె లెక్కలో నెలకు ముప్పావలాకు కొంచెము తక్కువ. ఆ యేడే ఆగస్టులో 195 కోట్లు 9.38 వడ్డికిని, 2019 ఆగస్టులో 100 కోట్లు 10.23 వడ్డికిని తెచ్చెను. మొదటి 200 కోట్లకే ఏటి వడ్డి 17 కోట్ల 80 లక్షలు! ఇట్టి అప్పునకు పాలకవర్గపు తీర్మానము, ప్రభుత్వానుమతి కావలయును గాని, ప్రజల ఓటడుగవలెనను విధి మన చట్టములలో లేదు.

అమెరికాలో పెక్కుచోట్ల అడుగుదురు. కాలిఫోర్నియాలో ఆస్తిపన్నుతో తీర్చదగు బాండ్లను ఒక నగరము అమ్మవలెనన్న, ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతులు సమ్మతింపవలెను. బడుల కట్టడములకు 2000 సంవత్సరము నుండి నూటికి 55 చాలును. అప్పు ఎంత, అందువలన పన్నెంత పెరుగునన్న సంగతి ఓటరునకు ముందే అచ్చువేసి తెలుపుదురు. నాకు ఆ ఓటుకంటె ఈ ముందు తెలుపుటయే ఎక్కువ మెచ్చదగినదిగా తోచుచున్నది.

చిన్న ఊరు ఒంటరిగా బాండ్లమ్మజాలదు. తమిళనాట పదికి పైగా చిన్న పురపాలకములు చేతులు కలిపి నీటి పనులకై రమారమి 30 కోట్లు తెచ్చుకొనినవి. అప్పు ఏ రూపమున వచ్చినను, 1993లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగ సవరణ మనకు గ్రామసభను ఇచ్చియున్నది. దానిలో అడుగుటకు అడ్డేమి?

అయితే అడుగుటకు ముందు లెక్క సిద్ధము కావలయును. ఊహకు, రెండువేల ఇండ్ల ఊరు నూటికి పది వడ్డికి కోటి రూపాయలు తెచ్చి, పదేండ్లలో సమభాగములుగా అసలు తీర్చుననుకొందము. మొదటి యేడు వడ్డి పది లక్షలు, అసలు పది లక్షలు. ఇంటికి వేయి రూపాయలు. ఈ వేయిని దాచి టాంకి బొమ్మను మాత్రము చూపుట మోసము. ఇంజనీరు అంచనా, ఏటి మరమ్మతు ఖర్చు, అప్పు తీరువరకైనను ఆ కట్టడము నిలుచునా యనునది, ఇవన్నియు చావడి గోడకు నెలనాళ్లు ముందే అంటింపవలయును.

ఒక పనికి ఒకే ప్రశ్న. త్రాగునీటి టాంకిని, పంచాయతి భవనమును జోడించి అడిగినచో, నీరు కావలసినవాడు భవనమునకును తల యూపవలసివచ్చును. పన్ను కట్టు ఆసామితోబాటు, కుళాయికడ బిందెతో నిలుచు ఇల్లాలి మాటయు వినవలెను. చేతులెత్తించుటకంటె చీటీలు మేలు. మోతుబరి యెదుట చేయి దించుకొనువారు మన ఊళ్లలో ఇంకను కలరు. వలదన్నవారి సంఖ్యను, వారు చెప్పిన కారణములను గూడ సభ పుస్తకమున వ్రాయించుడు.