ఆదాము తప్పు ఎవరి పద్దులో?

యూదులు మనిషిని మంచివాడంటారనీ, క్రైస్తవులు పాపి అంటారనీ తేల్చి చెప్పేవాళ్లున్నారు. అంత తేలిక వ్యవహారం కాదిది. మనసు చెడువైపు మొగ్గుతుందని రెండు మతాలూ ఒప్పుకుంటాయి. మనిషి తలపులు చిన్నతనం నుంచే చెడ్డవన్న మాట జలప్రళయం కథలో దేవుడిదే. తగువంతా ఆ మొగ్గును మనిషి తనంతట తాను నిలవరించుకోగలడా అన్నదగ్గరే. గలడనే అన్నారు యూద ధర్మగురువులైన రబ్బీలు. తమ్ముణ్ణి చంపకముందే కయీనును దేవుడు హెచ్చరించాడు: పాపం వాకిట పొంచి ఉంది, దాన్ని అదుపు చేయాల్సింది నువ్వేనని. చేతకానివాడికి హెచ్చరిక ఎందుకు? పైగా మనిషిలోని చెడు ప్రేరణే లేకపోతే ఎవరూ ఇల్లు కట్టరు, పెళ్లాడరు, పిల్లల్ని కనరు, వ్యాపారం చేయరు అని కూడా రబ్బీలు అన్నారు. దానికి కళ్లెం వేస్తే చాలు, చంపెయ్యనక్కర్లేదన్నమాట.

ఇక క్రైస్తవుల్లో, దేవుని మాట మీరిన తొలి మనిషి ఆదాము అపరాధమే పుట్టుకతో అందరికీ సంక్రమిస్తుందని గట్టిగా వాదించినవాడు ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో బిషప్ అగస్టీన్ (354–430). తలచుకుంటే మనిషి పాపం చేయకుండా ఉండగలడన్న క్రైస్తవ బోధకుడు పెలాజియస్‌తో ఆయనకు పెద్ద వివాదమే నడిచింది. అగస్టీన్ చూపిన సాక్ష్యాల్లో ఒకటి చర్చిలో అప్పటికే ఉన్న ఆచారం. పాలు తాగే పసికందుకు పాపక్షమాపణ కోసం జ్ఞానస్నానం (బాప్తిస్మం) ఇస్తున్నారు; ఏ తప్పూ చేయని బిడ్డకు క్షమాపణ దేనికి? 418లో కార్తేజ్ బిషప్పుల సభ ఆయన పక్షానే నిలిచింది. క్రైస్తవం మొత్తం ఇదేనా అంటే, కాదు. తూర్పు ఆర్థడాక్స్ సంఘాలు ఆదాము నుంచి మరణం, బలహీనత వచ్చాయంటాయి గానీ అపరాధం వచ్చిందనవు. మన తెలుగు బాప్టిస్టులు పసివాళ్లకు బాప్తిస్మమే ఇవ్వరు, వాళ్ల దగ్గర అగస్టీన్ సాక్ష్యం చెల్లదు. అటు యూదుల్లోనూ ఆదామును నిందించినవాళ్లు లేకపోలేదు. 70లో యెరూషలేము ఆలయం కూలాక వచ్చిన నాలుగవ ఎజ్రా గ్రంథం, నీ పతనం మా అందరినీ ముంచిందని ఆదామును నిలదీస్తుంది. ఇంచుమించు అదే కాలపు రెండవ బారూకు మాత్రం ఎవరికి వారే ఆదాము అని తేల్చేసింది. రబ్బీల ఒరవడి దీనికే దగ్గర.

అసలు తేడా బయటపడేది పరిహారం దగ్గర. యూదుల ప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పూర్ రోజంతా ఉపవాసం ఉన్నా, పొరుగువాడికి చేసిన అన్యాయం అతణ్ణి సమాధానపరిచేదాకా పోదంటుంది రబ్బీల ధర్మశాస్త్ర సంకలనం మిష్నా. 12వ శతాబ్దంలో యూద పండితుడు మైమోనిడీస్ ఇంకా కటువైన పరీక్ష పెట్టాడు: అదే తప్పుకు మళ్లీ అవకాశం దొరికి, చేసే శక్తీ ఉండి, ఆగినప్పుడే పశ్చాత్తాపం పూర్తయినట్టు. రోమీయులకు రాసిన పత్రికలో పౌలు సరిగ్గా అక్కడే చేతులెత్తేస్తాడు. మేలు చేయాలని ఉన్నా చేయలేకపోతున్నానని వాపోయి, క్రీస్తును ఆశ్రయిస్తాడు. అలాగని యూదుడు తన బలాన్నే నమ్ముకున్నాడనలేం, యోమ్ కిప్పూర్ ప్రార్థనల నిండా దేవుని కరుణ కోసం వేడుకోలే. కృప ఉందని క్రైస్తవుడు ఊరుకోవడానికీ వీల్లేదు. అర్పణను బలిపీఠం ముందే వదిలేసి, ముందు వెళ్లి సోదరుడితో సమాధానపడి రమ్మని యేసు కొండమీది ప్రసంగంలో చెప్పాడు. ఈ ఒక్క విషయంలో ఆయనకూ మిష్నాకూ పేచీ లేదు.